చెప్పకుండా లేచిరావలసిన ఇల్లు

ఈశ్వరప్ప ఆవు ఎండాకాలంలో కూడా తడిసిన పాలే ఇస్తుంది. పాలలో నీళ్ళు పట్టించే గాజుగొట్టం ముంచి ఆయన కళ్ళముందే చూపిస్తే, "మోడం ఏసుకోనుండాది పూలమ్మా, గాలికే తేమ పట్టింటాది" అంటాడు. మోడం ఎక్కడుందని నేను ఆకాశం వైపు చూడను. చూస్తే ఆయన నొచ్చుకుంటాడు.

పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి నడిస్తే మా ఊరు. అక్కడ పాలకేంద్రం నాది. నాది అంటే డెయిరీ వాళ్ళదే, కూర్చునేది నేను. ఊరంతా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నా ముందు గిన్నె పట్టుకుని నిలబడక తప్పదు. పాలతోపాటు ఇంటి సంగతులు కూడా వాళ్ళే తెచ్చి పోస్తారు. భార్య అలిగిన రోజు భీమరావు ఒక చెంబు ఎక్కువ తెస్తాడు, ఇంట్లో కాఫీ పెట్టేవాళ్ళు లేక. కొత్త గాజులు వేసుకున్న రోజు రాములమ్మ చిన్న గిన్నెను కూడా రెండు చేతులతో పట్టుకుంటుంది. నేనేమీ అడగను. చూసినదాన్ని నలుగురికీ చెబుతాను, అంతే.

ఆనంద్ మీద మాత్రం చెప్పడానికి ఏమీ దొరికేది కాదు. వాడు ఈరప్ప, శోభారాణిల ఒక్కగానొక్క కొడుకు. మదనపల్లె అవతల అంగళ్లులో ఇంజనీరింగు చదివేవాడు. సాయంత్రం బస్సు దిగి మా కేంద్రం ముందు నుంచే ఇంటికి పోయేవాడు. నేను తలుపుకు తాళం వేస్తుంటే ఆగి, "అత్తా, పోతాండావా?" అని అడిగేవాడు.

"పోయొస్తా నాయనా."

"సరే అత్తా."

అంతే మాట. అది చెప్పుకోకుండా నేనూ కదిలేదాన్ని కాదు, వాడూ కదిలేవాడు కాదు. కన్నపిల్లలే నన్ను అలా సాగనంపరు. ఈరప్ప ఇంట్లో ఇంత మర్యాద ఎక్కడి నుంచి ఊడిపడిందో అని ఊరంతా నవ్వించాను కూడా.

మా వైపు ఎవరూ 'పోతాను' అని లేవరు. 'పోయొస్తా' అంటారు. అది చెప్పకుండా గడప దాటితే ఆ ఇంటిని తిట్టినట్టే. ఒక్కచోట మాత్రం ఆ మాట అనకూడదు. చావు జరిగిన ఇంట్లో. అక్కడ కూర్చోవాలి, ఏడవాలి, లేవాలి. ఎవరికీ చెప్పకుండా, వెనక్కి తిరగకుండా గేటు దాటి వచ్చేయాలి. వస్తానంటే ఆ ఇల్లు ఆ మాట పట్టుకుంటుందని అంటారు. ఆనంద్ పోయిన రోజు ఈశ్వరప్ప అలవాటులో నోరు జారుతుందేమోనని తువాలు కొస నోట్లో కుక్కుకుని లేచాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఆనంద్ కుప్పం వైపు, రామకుప్పం దగ్గర, అమ్మమ్మ ఊరిలో పోయాడు. అడవిలోనుంచి ఏనుగులు దిగి రాగి చేలు తొక్కుతున్నాయని మేనమామ కావలికి పోతుంటే, సరదాగా తానూ వెంట పోయాడు. చీకట్లో గుంపు ఏ వైపు తిరిగిందో ఎవరికీ తెలియలేదు. తెల్లారి వ్యాన్‌లో తెచ్చారు. బయట పోయినవాడిని ఇంట్లోకి తేకూడదన్నారు పెద్దలు. గేటు బయట, రోడ్డు పక్కన పందిరి వేసి పడుకోబెట్టారు. శోభారాణి గేటు పట్టుకుని, "ఒక్కసారి లోపలికి తీసుకురండప్పా, నా బిడ్డ ఇల్లు సూసుకోని పోతాడు" అని అందరి కాళ్ళూ పట్టుకుంది. ఎవరూ ఒప్పుకోలేదు. అటునుంచి అటే మట్టి చేయడానికి చేనికి తీసుకుపోయారు.

వాడు పోకముందు కాలేజీలో చూపించడానికి ఒక ఆట తయారుచేశాడు. కంప్యూటర్లో ఆడేది. నాకు ముందే చెప్పాడు. "మా ఇంటినే ఆటగా చేస్తాండానత్తా."

"మీ ఇంట్లో ఆడేదానికి ఏముందిరా, మీ నాయన గురక తప్ప?"

"కొట్టుకునేది, పరిగెత్తేది ఏమీ ఉండదు. నువ్వే నడుచుకుంటా ఇంట్లోకి పోతావు. ఇంట్లో ఎవురూ ఉండరు. ఒక్కో వస్తువూ సూస్తాపోతే, ఈడ ఎవురుండిరి, ఎట్లుండిరి అని తెలుస్తాది. అరగంటలో ఐపోతాది."

ఖాళీ ఇంట్లో తిరగడాన్ని ఆట అంటారని నాకు అప్పుడే తెలిసింది. అదే ఆటైతే భీమరావు భార్య పుట్టింటికి పోయిన ప్రతిసారీ ఆయన ఆడుతున్నట్టే.

ఆ పనిలో వాడికి తోడు నాజియా. మదనపల్లెలో పరుపుల అంగడి జమాలుద్దీన్ కూతురు, వాడి క్లాసే. ఇద్దరూ ఒక రోజంతా ఈరప్ప ఇంట్లో ఫోన్లతో పటాలు తీశారు. గడప, గూడు, మంచం, వెనకాల పట్టుపురుగుల షెడ్డు, ఒక్కటీ వదల్లేదు. పురుగులు ఆకు తినే చప్పుడు కూడా పట్టుకున్నారు. వాళ్ళిద్దరి గురించి నేను ఊర్లో ఇంకోలా చెప్పుకున్నాను. తీరా చూస్తే ఆ పిల్లలు రోజంతా మాట్లాడుకున్నది గడప మీద పడే ఎండ గురించి.

ఆనంద్ పోయాక ఈరప్ప పురుగులు పెంచడం మానేశాడు. మల్బరీ చేను కోసేవాళ్ళు లేక మనిషెత్తు పెరిగింది. శోభారాణి పాలు తేవడం మానేసింది. ఈరప్పే తెచ్చేవాడు, ఎవరితోనూ మాట్లాడకుండా పోసి పోయేవాడు.

ఒక సాయంత్రం అందరూ పోయేదాకా పక్కన నిలబడ్డాడు.

"అక్కా, ఒకసారి ఇంటికి రా."

"ఏందప్పా? శోభ తింటాండాదా?"

"తినల్యా. కరిగిపోతాండాది." గొంతు తగ్గించాడు. "మదనపల్లె ఆసుపత్రిలో సూపిస్తే బలానికి మందు రాసినారు. బలం గాదక్కా పోయేది... దీపం పెట్టినాక ఆ లాప్‌టాపు తెరుసుకోని కూసుంటాది. వాడి ఆట ఆడతాది. వాడు మాట్లాడతాండాడంటాది."

"కొడుకు పోయిన తల్లి అప్పా. ఏమైనా అంటాది."

"ముందు నేనూ అట్లనే అనుకుంటి. అంతలో దువ్వెన పోయింది. ఇల్లంతా యెతికినాం. ఆ పొద్దు ఆటలో సూస్తే అద్దం కింద గూట్లో ఉండాది. రెండు పండ్లు ఇరిగిందే. ఆమె యెంటిక కూడా సుట్టుకోనుండాది. ఆమీదట చెంబు పోయింది. అదీ ఆడనే ఉండాది. మొన్న ఆమె కప్పుకునే కంబళి. నిన్న ఆటలో మంచం మింద ఆ కంబళి పరిసి, ఒక పక్క మడిసి పెట్టుండాది అక్కా. ఎవురో వచ్చి పండుకునేదానికి పెట్టినట్ల. ఇంగ మిగిలింది ఆమే."

నేను ఏదో నవ్వులాటగా అనబోయాను. ఆ మాట మింగి, లాప్‌టాపు సంగతే అడిగాను.

"దాన్ని పారెయ్యకుండా యాల పెట్టుకోనుండారు?"

"గడ్డివామిలో దాసినా. ఆ పొద్దు ఆమె కండ్లు తెరుసుకోనే ఉండాది, ఊపిరి ల్యా. తెచ్చి తెరిసి ముందర పెడితే అప్పుడు గాలి పీల్సింది."

ఇంకో మాట అన్నాడు. "మూసేటప్పుడు దినామూ... 'పోయొస్తా నాయనా' అని మూస్తాది."

నా చేతిలో గాజుగొట్టం పాలలోకి జారింది.

*

మేము పోయేసరికి నాజియా అక్కడే ఉంది. ఈరప్ప ఫోన్ చేస్తే మదనపల్లె నుంచి బస్సెక్కి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. నన్ను చూడగానే వసారాలోకి వచ్చింది.

"ఆంటీ, ఆట దానంతటది మారదు. మేము పెట్టినవే ఉంటాయి. ఆ దువ్వెన మేము పెట్టలేదు. కంబళి మేము పెట్టలేదు. ఇంకొకటి... ఆ ఆటలో మనిషి గొంతు ఎక్కడా లేదు. ఆనంద్ గొంతు మేము రికార్డే చెయ్యలేదు."

మదనపల్లె పిల్లలకు అందరూ ఆంటీలే. ఇంకో రోజైతే ఆ మాట పట్టుకుని ఆడించి ఉండేదాన్ని.

"ఆట యాడ ముగుస్తాది?"

"ఇల్లంతా చూశాక గేటు తెరుచుకుంటుంది. గేటు దాటితే మా ఇద్దరి పేర్లు వస్తాయి. అంతే, ఐపోతుంది. ఆమె ఒక్కసారి కూడా గేటు దాటలేదంట ఆంటీ. నడుమ గదిలోనే ఆపి, వస్తానని చెప్పి మూసేస్తారంట. అంటే ఆమె ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. రోజూ అక్కడినుంచే మొదలుపెడుతున్నారు."

నాకు కంప్యూటర్ల గురించి తెలియదు. చావింటి నుంచి ఎలా రావాలో తెలుసు. చెప్పకుండా, వెనక్కి తిరగకుండా గేటు దాటాలి. శోభారాణి ఆ ఇంట్లోంచి అలా రాలేదు. రోజూ మాట ఇచ్చి వచ్చింది. ఆ మాట ప్రకారమే ఆ ఇల్లు ఆమె సామాను ఒక్కొక్కటే తెప్పించుకుంటోంది.

"ఈ పొద్దు గేటు దాటిద్దాం," అన్నాను. "నోరెత్తకుండా."

చెప్పులు బయట విడిచి లోపలికి పోయాను. ఎడమ చెప్పు బొటనవేలి ఉంగటం దారిలోనే తెగితే, నీలం పూస ఉన్న పిన్నీసు గుచ్చి అంతవరకు ఈడ్చుకొచ్చాను. అది నేను తప్ప ఎవరూ చూడలేదు.

శోభారాణి నడుమ ఇంట్లో పీట ముందు కూర్చుని ఉంది. పీట మీద లాప్‌టాపు. ఇంకా తెరవలేదు. నన్ను చూసి తల తిప్పింది. మెడ ఎముకలు అంత దూరం నుంచి కనిపించాయి. చేతి గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి.

"రా వదినా. నువ్వూ సూడు. ఇల్లు ఎంత బాగా కట్టినాడో."

"గోడకు మేస్త్రి తీసిన వంకర కూడా దింపినాడంట కదా," అన్నాను, గొంతు మామూలుగా పెట్టుకుని.

చాలా రోజుల తర్వాత ఆమె మూతి కొంచెం కదిలింది. "దింపినాడు."

మూత తెరిచింది. ఆ ఇంటి వెలుగు మా మొహాల మీద పడింది.

నిజంగానే అది ఈ ఇల్లే. మేము కూర్చున్న నడుమ ఇల్లే. గోడ మీద అదే పగులు, అటక కింద అదే మసి. మనుషులు మాత్రం లేరు. పీట ఉంది, పీట ముందు ఎవరూ లేరు. శోభారాణి మీట నొక్కింది. ఇల్లు మెల్లగా పక్కకు తిరిగింది, మనమే తల తిప్పి చూస్తున్నట్టు. అద్దం కింద గూట్లో దువ్వెన. దాని పక్కన చెంబు. చెంబులో నీళ్ళు కదులుతున్నాయి, ఎవరో ఇప్పుడే తాగి పెట్టినట్టు.

వెనక వైపునుంచి చప్పుడు మొదలైంది. పట్టుపురుగులు ఆకు తినే చప్పుడు వినని వాళ్ళకు చెప్పాలంటే, రేకుల మీద సన్నటి వాన. వేల నోళ్ళు ఒక్కసారే ఆకు కొరికితే అలా ఉంటుంది. అది పాత రికార్డింగే అనుకున్నాను. కానీ మల్బరీ ఆకు వాసన కూడా వచ్చింది. అప్పుడే కోసి తెచ్చిన తడి ఆకు వాసన. ఆ ఇంట్లో ఆకు కోసి ఎన్నాళ్ళో అయింది.

"వాసన..." అన్నాడు ఈరప్ప వెనకనుంచి. నేను చెయ్యి ఎత్తి ఊరుకోమన్నాను.

శోభారాణి ఆటలో వెనక తలుపు దాకా నడిచింది. తలుపు ఓరగా ఉంది. అవతల షెడ్డులో లైటు వెలుగుతోంది. ఆ వెలుగు తలుపు కిందనుంచి గచ్చు మీద పడుతోంది. అందులో రెండు నీడలు. రెండు పాదాల నీడలు.

"అమ్మా..."

నాజియా నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆ గొంతు నాకూ తెలుసు. రోజూ తాళం వేసేటప్పుడు విన్న గొంతే.

"ఉండాను నాయనా," అంది శోభారాణి.

"తిన్న్యావామ్మా?"

"తింటి."

"అబద్ధం సెప్తాండావు... ఈడికొచ్చి తిందువులే. ఈడ నేనొక్కన్నే ఉండాను."

"వస్తా నాయనా, వస్తా..."

"నన్ను బయటే పెట్టినారు కదమ్మా. నేను లోపలికి రావాలనుకుంటి. ఈడ ఎవురూ బయటికి పొమ్మనరు."

ఈరప్ప గోడకు తల ఆనించి చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు. శోభారాణి వేలు మీట మీద ఉంది. తలుపు దగ్గరవుతోంది. పాదాల నీడలు కూడా ఇటు కదిలాయి. ఆమె ఊపిరి తగ్గుతోంది. పక్కనే కూర్చున్న నాకు వినిపించాల్సిన ఊపిరి... ఆగి ఆగి, ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. తడిమితే చెయ్యి కడవలో నీళ్ళంత చల్లగా ఉంది.

నేను ఆమె మొహం నా వైపు తిప్పాను.

"శోభా, నా మాట ఇను. వాడు నీ బిడ్డే. కాదనను. కానీ అది సావిల్లు. గేటు దాకా నడువు."

"ఒక్క మాట సెప్పి పోతా వదినా."

"సెప్పగూడదు."

"నా బిడ్డకు సెప్పకుండా ఎట్ల పోయేది?" ఆమె నా కాళ్ళు పట్టుకుంది. "ఆ పొద్దూ సెప్పనియ్యల్యా మీరు. ఎవురూ సెప్పనియ్యల్యా. గేటు బయట పెట్టి తీసకపోయిరి. ఒక్క మాట..."

ఆమె నోటిని నా అరచేత్తో మూశాను.

"మీట నొక్కమ్మా. నీ మొగుడు ఈడ ఉండాడు. సూడు. ఆ మనిషికి ఇంగ ఎవురుండారు?"

ఈరప్ప మోకాళ్ళ మీద వచ్చి ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాడు. "శోభా... నాకూ ఒక్కడే కదా ఉండింది," అన్నాడు.

ఆమె చాలాసేపు ఆయన్ని చూసింది. నా అరచేయి ఆమె కన్నీళ్ళతో తడిసింది. వేలు కదిలింది.

ఇల్లు మెల్లగా తిరిగింది. నడుమ ఇల్లు. గడప. వాకిలి.

"అమ్మా... యాడికి?"

ఆమె వేలు ఆగింది. నా చేతి కింద పెదవులు కదిలాయి. ఇంకా గట్టిగా మూశాను.

"వెనక్కి తిరగొద్దు ఆంటీ," అని నాజియా గొణుగుతోంది. "ముందుకు... ముందుకు..."

వాకిట్లో చీకటి. గేటు దూరంగా. నిజం ఇంట్లో అది నాలుగడుగుల దూరం. ఆటలో ఎంత నడిచినా దగ్గరవలేదు. వెనక ఆకు కొరికే చప్పుడు పెద్దదైంది. నడుమ ఇంట్లోకి వచ్చింది. వాకిట్లోకి వచ్చింది. దానితోపాటు తడి కాళ్ళ చప్పుడు.

"అమ్మా, సెప్పకుండా పోతాండావా?"

శోభారాణి ఒళ్ళంతా ఒకసారి కొట్టుకుంది. వేలు మాత్రం తీయలేదు.

గేటు కిర్రుమంది. తెర అంతా తెల్లబారింది.

నల్లటి అక్షరాలతో రెండు పేర్లు వచ్చాయి. ఆనంద్. నాజియా. చప్పుడు ఆగిపోయింది. వాసన కూడా.

నేను చెయ్యి తీశాను. శోభారాణి గట్టిగా, గుండెలోనుంచి గాలి లాగింది. ఆ తర్వాత ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఏడవని ఏడుపంతా బయటికి వచ్చింది. ఈరప్ప ఆమెను చిన్నపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "ఆకలైతాంది" అంది. ఈరప్ప వంటింట్లోకి పరిగెత్తి దేనికో తగిలి పడ్డాడు. గిన్నెలన్నీ కిందపడ్డాయి. నాజియా ఏడుస్తూనే నవ్వింది. నేనూ నవ్వాను.

"ఇన్నేండ్లు కాపురం చేసినా వంటిల్లు యాడుందో తెలీలేదు ఈ మనిషికి," అన్నాను. శోభారాణి కూడా ఏడుపులోనే నవ్వింది.

ఇంకేమీ లేదనిపించింది. పాలవ్యాను వచ్చే వేళైంది. మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేచాను. నాజియా లాప్‌టాపు మూత దించుతోంది. సగం దించింది. ఆ సందులోనుంచి, చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా...

"అత్తా, పోతాండావా?"

"పోయొస్తా నాయనా."

అనేశాను.

నేను అనుకుని అన్నది కాదు. ఏళ్ళ తరబడి ప్రతి సాయంత్రం అన్న మాట. అడగగానే దానంతటదే వచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. శోభారాణి నా వైపు చూసింది. నాజియా మూత దబాలున మూసేసి రెండు చేతులూ దాని మీద అదిమి పట్టుకుంది.

మూసిన మూత కిందనుంచి వినిపించింది.

"సరే అత్తా."

*

బయటికి వస్తే కుడి చెప్పు ఒక్కటే ఉంది. ఎడమది లేదు. "కుక్క ఎత్తకపొయ్యుంటాదక్కా" అన్నాడు ఈరప్ప. ఆయన మొహం చూసి నేను కూడా కుక్కే అన్నాను. ఎవరికీ చెప్పకుండా, వెనక్కి తిరగకుండా గేటు దాటాను. లోపల ఒకసారి అనేశాక, ఇక చెప్పకపోయినా ఒకటే అని తెలుసు.

లాప్‌టాపును నాజియా తనతో మదనపల్లె తీసుకుపోయింది. తెల్లారి శోభారాణి తానే పాలు తెచ్చింది. తల దువ్వుకుని ఉంది. కొత్త దువ్వెన. అందరూ ఆమెను చూసి సంతోషపడ్డారు. నేను కూడా. గాజుగొట్టం కోసం చెయ్యి చాపితే, రాత్రి కడిగి తగిలించిన మేకు ఖాళీగా ఉంది. అది కేంద్రం తాళం లోపల ఉండే వస్తువు. అందరి పాలూ చూడకుండానే పోయించుకున్నాను. ఈశ్వరప్ప మొహం వెలిగిపోయింది. దాని మీద నాకు ఒక్క మాట కూడా తోచలేదు.

ఎండ బాగా ఎక్కాక నాజియా ఫోన్ చేసింది.

"ఆంటీ, మీ చెప్పుకు నీలం పూస పిన్నీసు ఉందా?"

నేను నా ఎడమ పాదం వైపు చూసుకున్నాను.

"గడప దగ్గర ఉంది ఆంటీ. లోపల గూట్లో పొడుగ్గా గాజుది ఏదో నిలబెట్టి ఉంది."

"నేనిప్పుడే బస్సెక్కుతా. నువ్వు మీట నొక్కడం నేర్పించు. నోరు కట్టుకోని గేటు దాటేస్తా."

"గేటు లేదు ఆంటీ. రాత్రినుంచి చూస్తున్నాను. గేటు ఉన్న చోట గోడ ఉంది."

నా ఇంట్లో, పట్టపగలు, రేకుల మీద సన్నటి వాన మొదలైంది. బయట ఎండ కాస్తూనే ఉంది.

"ఇంకొకటి ఆంటీ... ఇల్లు ఇంతకుముందులా ఖాళీగా లేదు. లోపల ఎవరో కూర్చుని ఊర్లో వాళ్ళ గురించి చెబుతున్నారు. ఆనంద్ వింటున్నట్టున్నాడు. మధ్యమధ్యలో నవ్వుతున్నాడు."

"ఎవురి గొంతమ్మా?"

నాజియా చెప్పలేదు.

"ఏమి సెప్తాండారు?"

కాసేపు ఆకు కొరికే చప్పుడే వినిపించింది, ఫోన్లోనుంచో, నా రేకుల మీదనుంచో. తర్వాత తను వింటున్నదాన్ని ఒక్కో మాటే పలికింది.

"'ఈశ్వరప్ప ఆవు... ఎండాకాలంలో కూడా... తడిసిన పాలే ఇస్తుంది'... అని మొదలుపెట్టారు ఆంటీ."

ఆ మాట నేను అప్పటికి ఇంకా ఎవరితోనూ అనలేదు.